ఈ పుస్తకాలు ఉద్యోగం ఇప్పించవు.. అయినా చదవండి!

రెజ్యూమె అడుగున 'హాబీస్' అని ఒక వరుస ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది అక్కడ 'రీడింగ్ బుక్స్' అని రాసేస్తారు. ఖాళీగా వదిలేస్తే బాగుండదని, క్రికెట్ అని రాస్తే మరీ మామూలుగా ఉంటుందని. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరో ఒకరికి సరిగ్గా ఆ వరుస మీదే కన్ను పడుతుంది. "ఈమధ్య ఏం చదివారు?" అని చాలా మామూలుగా అడుగుతారు. అంతే! అప్పటిదాకా గడగడా చెప్పిన కుర్రాడికి గొంతు పెగలదు. ఏదో ఒక సక్సెస్ పుస్తకం పేరు చెబుతాడు. "అందులో మీకు నచ్చిందేమిటి?" అనేది రెండో ప్రశ్న. దానికి జవాబు ఉండదు.

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఏటా మాక్ ఇంటర్వ్యూలకు బల్లకు ఇవతలి వైపు కూర్చుంటుంటాను. అందుకే ఈ నిశ్శబ్దం నాకు బాగా పరిచయం. అయితే ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇంటర్వ్యూ చిట్కా కాదు. ఆ ప్రశ్న కోసమైతే పుస్తకం చదవనక్కర్లేదు, దాని సారాంశం నాలుగు నిమిషాల వీడియోలో దొరుకుతుంది. నా గొడవ వేరే. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వచ్చేదాకా ఉండే కాలం.. కొందరికి ఆరు నెలలు, కొందరికి నాలుగేళ్లు.. ఆ కాలంలో మనిషి మెల్లమెల్లగా ఒక ర్యాంకుగా, ఒక కటాఫ్‌గా కుదించుకుపోతున్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే రిజల్టు సంగతే. రూమ్‌లో కూర్చుంటే నోటిఫికేషన్ సంగతే. పెళ్లికి వెళ్తే "ఇంకా ఏం చేస్తున్నావురా?" అనే పలకరింపే. తనలో ఇంకేదైనా ఉందన్న సంగతి తనకే గుర్తుండదు. దానికి నాకు తెలిసిన చౌకైన విరుగుడు పుస్తకం. సిలబస్‌లో లేని పుస్తకం.

ఏడాది చివరికి వచ్చాం కనుక, ఈ పన్నెండు నెలల్లో నేను చదివినవాటిలో కొన్నింటి గురించి చెబుతాను. కొన్ని కొత్తగా చదివాను, కొన్ని మళ్లీ తిరగేశాను. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఏవి పనికొస్తాయా అన్న దృష్టితోనే ఈ జాబితా వేశాను. అందుకే ఇందులో గొప్ప పుస్తకాలు చాలా లేవు. మీ గురించి రాసినట్టుండే పుస్తకాలు మాత్రం ఉన్నాయి.

డిగ్రీ అయిపోయింది.. తర్వాతేంటి?

మొదటిది ఆర్.కె. నారాయణ్ ఇంగ్లిష్ నవల 'ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్'. 1937లో వచ్చింది. మాల్గుడి అనే ఊళ్లో చంద్రన్ అనే కుర్రాడు బీఏ పాసవుతాడు. పాసయ్యేదాకా కథ హుషారుగా నడుస్తుంది. ఆ తర్వాత అతనికి ఏం చేయాలో తోచదు. బంధువులు తలో సలహా ఇస్తారు. ఇంగ్లండు వెళ్లి చదువుకొస్తానంటాడు, అదీ ముందుకు సాగదు. ఒక అమ్మాయిని ఇష్టపడితే జాతకాలు కలవలేదని పెద్దలు కాదంటారు. కొన్నాళ్లు కాషాయం కట్టి ఊళ్లు తిరుగుతాడు. చివరికి తిరిగొచ్చి ఒక దినపత్రికకు ఏజెంటుగా స్థిరపడతాడు. కథంతా ఇంతే.

దాదాపు 90 ఏళ్ల కిందటి కథ. కానీ డిగ్రీ అయ్యాక ఇంట్లో గడిపే ఆ పగళ్లు.. పొద్దున్నే లేవడానికి కారణం కనపడకపోవడం, సాయంత్రం రోడ్డు మీదికి వెళ్తే ఎవరు ఏమడుగుతారోనని వెరపు.. ఇవన్నీ ఇప్పటివే. చంద్రన్ మీద నారాయణ్ జాలిపడడు, తిట్టడు. పక్కన నడుస్తూ చిన్నగా నవ్వుతాడంతే. మన అవస్థను చూసి మనమే నవ్వుకోగలిగితే బరువు సగం తగ్గుతుందని ఈ నవల చదివాక తెలుస్తుంది.

ఇంకో విషయం. నారాయణ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఒక ఏడాదంతా ఇంటి పట్టునే ఉండి చదువుతూ, రాస్తూ గడిపాడు. తర్వాత బీఏ పూర్తి చేయడానికి మామూలు కంటే ఒక ఏడాది ఎక్కువే పట్టింది. కొన్నాళ్లు బడిపంతులు ఉద్యోగం చేసి మానేశాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆయన రెజ్యూమె నిండా గ్యాపులే. ఇంగ్లిష్‌లో పుస్తకం మొదలుపెట్టాలని ఉండీ జంకుతున్నవాళ్లకు ఇదే నా సలహా: నారాయణ్‌తో మొదలుపెట్టండి. చిన్న వాక్యాలు, మనకు తెలిసిన మనుషులు. డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సిన అవసరం పెద్దగా రాదు.

భయం గురించి రెండు నవలలు

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' ఈ ఏడాది మళ్లీ చదివాను. సుబ్బయ్య ఒక ఆఫీసు గుమాస్తా. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఇల్లుంది. కానీ అతనికి అన్నీ భయాలే. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, నలుగురిలో మాట్లాడాలంటే భయం. బావమరిది ఒత్తిడికి లొంగి, తన ఆఫీసుతో పనులున్న గవరయ్య అనే కంట్రాక్టరు దగ్గర అప్పు చేస్తాడు. అక్కణ్నుంచి ఆ భయం ఎన్ని తలలు వేస్తుందో చూడాలి.

ఈ నవలను మీరెందుకు చదవాలంటారా? 'ఉద్యోగం వస్తే అన్నీ సర్దుకుంటాయి' అని మనమంతా నమ్ముతాం. సుబ్బయ్యకు ఉద్యోగం ఉంది. సర్దుకోలేదు! 'కాదు' అనాల్సిన చోట 'కాదు' అనలేనివాడికి కుర్చీ ఇచ్చినా ఆ కుర్చీలో ఇబ్బందిగానే కూర్చుంటాడు. రేపు మీలో కొందరు రెవెన్యూలోనో, పంచాయతీరాజ్‌లోనో చేరతారు. గవరయ్యలు మీ బల్ల దగ్గరికీ వస్తారు. ఎథిక్స్ పేపర్ కోసం నిర్వచనాలు బట్టీ పట్టడం ఒక పద్ధతి. సుబ్బయ్యతో కలిసి ఆ చెమటలు పట్టే రోజులు గడపడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే ఎక్కువ గుర్తుంటుంది. అన్నట్టు సివిల్స్‌లో తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లకు ఈ నవల సిలబస్‌లోనే ఉంది. మిగతావాళ్లు మార్కుల బెంగ లేకుండా చదువుకోవచ్చు, అదృష్టవంతులు.

దీనికి తోడుగా త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చదవండి. సీతారామారావుకు తండ్రి వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోతాడు. ఆ ప్రతిష్ఠ కోసం ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆస్తి పోయాక చిన్న ఉద్యోగం చేయడానికి అదే ప్రతిష్ఠ అడ్డొస్తుంది. లోకంలో ప్రతిదాన్నీ విమర్శించగలడు, ఒక్క పనీ చేయలేడు. చదువుతుంటే కోపం వస్తుంది, మధ్యమధ్యలో మనలాగే ఉన్నాడే అని ఉలికిపాటూ కలుగుతుంది. 'ఇంత చదివి ఆ జీతానికి చేరతావా?' అని చుట్టాలు అన్నప్పుడల్లా నాకు సీతారామారావే గుర్తొస్తాడు. చీకటి పుస్తకం. ఫలితాల కోసం టెన్షన్‌గా ఉన్న వారంలో మాత్రం దీన్ని ముట్టుకోకండి. మనసు తేరుకున్నాక తీయండి.

కాస్త నవ్వుకోవాలంటే..

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు కన్సల్టెన్సీ మెట్లు ఎక్కేముందు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' చదవాలని నా గట్టి అభిప్రాయం. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకోసం సీమకు బయల్దేరతాడు. రైలెక్కడం దగ్గర్నుంచి ఓడ దిగేదాకా అతను పడే పాట్లు చదివి పడీపడీ నవ్వాల్సిందే. అయితే ఆ నవ్వులో ఒక సంగతి దాగి ఉంది. పార్వతీశానికి ఏమీ తెలియదు. కానీ తెలియదన్న సిగ్గుతో ఇంట్లో కూర్చోడు. తప్పు చేస్తాడు, నవ్వులపాలవుతాడు, మర్నాటికి నేర్చుకుంటాడు. ఎడింబరో చేరి చదువు పూర్తి చేసి వస్తాడు. రాసినాయన కూడా ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివొచ్చినవాడే.

ఇంగ్లిష్‌లో తప్పు దొర్లుతుందేమోనని గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పని పిల్లల్ని ఏటా చూస్తుంటాను. వాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కంటే ముందు పార్వతీశం కావాలి. కొత్త చోట తడబడటం తప్పేమీ కాదన్న ధైర్యం ముందు రావాలి. భాష తర్వాత దానంతటదే వస్తుంది.

డిగ్రీ ఉన్నా ఇల్లు దొరకని మనిషి

ఈ ఏడాది నన్ను ఎక్కువ కుదిపింది ఒక చిన్న పుస్తకం. ఇరవై పేజీలకు అటూఇటూ ఉంటుంది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఆయన సొంత అనుభవాలూ, ఆయనకు తెలిసిన మరికొందరి అనుభవాలూ ఇందులో ఉన్నాయి.

అందులో బరోడా ఘట్టం ఉంది. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో, ఆ తర్వాత లండన్‌లో చదువుకుని, ఆ సంస్థానంలో ఉద్యోగానికి 1917లో తిరిగొచ్చారు. ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఉండటానికి గదే దొరకలేదు. కులం సంగతి తెలిస్తే ఎవరూ ఇవ్వరు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరబోతుండగా డజను మంది కర్రలు పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. తెలిసినవాళ్లను ఇద్దరిని ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పారు. రాత్రి బొంబాయి రైలు దాకా ఒక పార్కులో కూర్చుని గడిపారు. అంతటి చదువు చదివిన మనిషి!

కేకలు లేకుండా, కన్నీళ్లు లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతారు. అందుకే అంత గట్టిగా తగులుతుంది. మన పాలిటీ పుస్తకాల్లో ఆర్టికల్ 17 అంటే అంటరానితనం నిషేధం అని ఒక్క వాక్యం. బిట్టుగా వస్తే ఒక మార్కు. ఆ వాక్యం వెనక పార్కులో కూర్చున్న ఆ సాయంత్రం ఉందని తెలిశాక, దాన్ని ఇక బట్టీ పట్టనక్కర్లేదు. ఇంకోటి కూడా చెప్పాలి. సిటీలో రూమ్ కోసం తిరుగుతూ "మీరేమిట్లు?" అనే ప్రశ్న వినని కుర్రాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు? ఆ ప్రశ్న విన్నవాళ్లు చదవాలి. ఎప్పుడూ వినాల్సిన అవసరం రానివాళ్లు తప్పకుండా చదవాలి.

ఇందిర అనే అమ్మాయి

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. రచయిత్రి వైద్యురాలు. 1961లో చిన్న వయసులోనే చనిపోయారు. నవల ఈ ఒక్కటే మిగిలింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, బాధ్యత లేని తండ్రిని పోషించే ఇందిర ఇందులో ప్రధాన పాత్ర. తన జీతం, తన సంసారం, తన ఇష్టం. త్యాగమూర్తి అనిపించుకోవాలన్న తాపత్రయం ఆమెకు ఏ కోశానా లేదు. బతకాలి, బాగా బతకాలి అనుకుంటుంది. ఎవరైనా ధైర్యం లేకుండా వెనక్కి తగ్గితే అక్కడే ఆగి ఏడుస్తూ కూర్చోదు.

ఈ నవలను అమ్మాయిలకు ఇవ్వడం మామూలే. నేను అబ్బాయిలకూ ఇస్తుంటాను. ఇందిరను మీరు ఇష్టపడకపోవచ్చు, చాలామందికి ఆమె మీద కోపం కూడా వస్తుంది. ఆ కోపం ఎందుకొచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. రేపు మీ టీమ్‌లో, మీ ఆఫీసులో, మీ ఇంట్లో ఇందిరలతో మీరు ఎలా ఉంటారన్నది ఆ కాగితం మీద తెలిసిపోతుంది. ఏ పర్సనాలిటీ టెస్టూ అంత నిక్కచ్చిగా చెప్పదు.

అప్పు అంటే ఎంత?

కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' నవల కూడా కాదు, పెద్ద కథ. 1964లో 'యువ'లో వచ్చింది. సుందరపాలెం అనే ఊళ్లో ఒక పంచాయతీ జరుగుతుంది. అప్పల్రాముడు తీర్చాల్సిన అప్పు 2500 రూపాయలు. తీర్చాలా వద్దా, ఎలా తీర్చాలి? ఊరు బాగుపడింది. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, వ్యాపారం వచ్చింది. మరి కష్టం చేసేవాడు ఎందుకు చితికిపోయాడు? అదే ప్రశ్న. ముగింపు నేను చెప్పను. చదివినరోజు అన్నం సహించదు, అంతవరకు చెప్పగలను.

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు ఎకానమీలో గ్రామీణ రుణభారం అనే టాపిక్ చదువుతారు. శాతాలు, కమిటీలు, పథకాలు.. అవి కావాల్సిందే, కాదనను. కానీ మెయిన్స్‌లో ఎస్సే రాసేటప్పుడు అందరి దగ్గరా అవే అంకెలుంటాయి. అభివృద్ధి జరిగిన ఊళ్లోనే మనిషి ఎలా అప్పులపాలవుతాడో అర్థమైనవాడి పేరా వేరుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఉద్యోగం వచ్చాక పని వేరుగా ఉంటుంది. రామారావు మాస్టారు లెక్కల టీచరు. ఈ కథలో లెక్క కూడా అంత ఖచ్చితంగానే ఉంటుంది.

గెలుపు పుస్తకాల సంగతి

'ధనవంతులు కావడం ఎలా', 'ఉదయం ఐదింటికి లేస్తే ఏమవుతుంది' తరహా పుస్తకాలు ఈ ఏడాది నేనూ రెండు మూడు చదివాను. వాటిని వెక్కిరించే ఉద్దేశం లేదు. ఒక మంచి అలవాటు పట్టిచ్చినా లాభమే. కానీ నా అనుమానం ఒకటి. వాటిలో ఓడినవాళ్లు ఉండరు. ఉన్నా రెండు పేజీల్లో గెలిచేస్తారు. మన జీవితంలో ఆ రెండు పేజీలు మూడేళ్లు పడుతున్నాయి. అప్పుడు పుస్తకం తప్పు చెప్పిందనుకోం, మనలోనే ఏదో లోపం ఉందనుకుంటాం. ఇలాంటివి పది చదివినవాడు ధైర్యం తెచ్చుకోవడానికి బదులు మరింత నీరసపడటం నేను చూశాను.

గెలుపు కథే కావాలంటే అబ్దుల్ కలాం 'వింగ్స్ ఆఫ్ ఫైర్' ఉంది. రాకెట్ల భాగం అందరికీ తెలుసు. నేను మీకు చదవమనేది మొదట్లో వచ్చే డెహ్రాడూన్ ఘట్టం. వైమానిక దళంలో పైలట్ కావాలని వెళ్తే, 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందిని! ఒక్క స్థానం తేడా. ఆ బాధతో రిషికేశ్ దాకా వెళ్తాడు. తర్వాత ఢిల్లీ వచ్చి, తాను అంతగా కోరుకోని ఇంకో ఉద్యోగంలో చేరతాడు. మూల వేతనం నెలకు 250 రూపాయలు. ఒక్క మార్కుతో పోయినవాళ్లు, వెయిటింగ్ లిస్టులో ఉండిపోయినవాళ్లు ఆ పేజీలు నింపాదిగా చదవండి. రాష్ట్రపతి అయ్యాడన్న సంగతి కాసేపు మర్చిపోయి చదవండి. అప్పటికి ఆయనకూ తెలియదు కదా!

దాని పక్కనే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పెట్టుకోండి. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, ఒక్క రాత్రి. చిన్న నవల. రాసినాయన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. ఆ ముసలివాడికి చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు. పని తనది కనుక చేస్తాడు. పుస్తకం మూశాక 'జయించాడు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోతాం. గెలవడం అంటే ఏమిటి? ఎవరు చెప్పాలి? ప్యాకేజీల లెక్కల మధ్య ఈ ప్రశ్న ఒకసారైనా వేసుకోవడం మంచిది.

మన యాస మనకు బరువా?

ఇంకో రెండు పేర్లు చెప్పి ఈ జాబితా ముగిస్తాను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలు చిత్తూరు జిల్లా పల్లె మాటల్లోనే ఉంటాయి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నిజాం కాలపు తెలంగాణ పల్లెను అక్కడి మాటలతోనే చూపిస్తుంది. ఊళ్ల నుంచి సిటీకి వచ్చి, తన మాట విని ఎవరైనా నవ్వుతారేమోనని నోరు కట్టేసుకున్న పిల్లలకు ఈ పుస్తకాలు చేసే మేలు ఇంతా అంతా కాదు. మా అమ్మ మాట్లాడినట్టే అచ్చులో ఉందే అని ఒక్కసారి అనిపిస్తే చాలు. ఇంగ్లిష్ నేర్చుకోవాలి, తప్పదు. సిగ్గుపడుతూ నేర్చుకునేవాడి కంటే తన భాష మీద నిలబడి నేర్చుకునేవాడికి త్వరగా వస్తుంది. ఇది నా తరగతి గదిలో చూసి చెబుతున్న మాట.

'టైమెక్కడుంది సార్?'

ఇదంతా చదివి మీలో కొందరికి విసుగు రావచ్చు. 'ఇంటి దగ్గర అప్పులున్నాయి, చెల్లి పెళ్లి ఉంది, మెస్ బిల్లు కట్టాలి. నవలలు చదువుకుంటూ కూర్చుంటే ఎట్లా?' న్యాయమైన ప్రశ్న. దానికి దాటవేత జవాబు చెప్పను.

పరీక్షకు ఆఖరి రెండు నెలలు ఉన్నప్పుడు నవల తీయకండి. ప్రిలిమ్స్ వారం ముందు 'అల్పజీవి' చదివితే ఎవరూ మెచ్చుకోరు. ఈ పుస్తకాలు చదివితే ఉద్యోగం వస్తుందని కూడా నేను హామీ ఇవ్వను. రాదు. ఉద్యోగం ప్రిపరేషన్‌తో వస్తుంది, ఖాళీలుంటే వస్తుంది, కొంత కలిసొస్తే వస్తుంది.

కానీ లెక్క వేద్దాం. రోజుకు పది పేజీలు. తెలుగులో అయితే పావుగంట, ఇంగ్లిష్‌లో అయితే అరగంట. నెలకు 300 పేజీలు. అంటే నెలకో పుస్తకం, ఏడాదికి 12. ఆ అరగంట ఎక్కడి నుంచి రావాలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది మన అరచేతిలోనే ఉంది, రాత్రి పడుకునేముందు వేలితో పైకి తోస్తుంటాం. రోజుకు 14 గంటలు చదువుతున్నానని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. పుస్తకం ముందు కూర్చున్న గంటలు వేరు, మనసు నిలిచిన గంటలు వేరు. ఒక కథ వెంట అరగంట చెదరకుండా నడవగలిగినవాడికి రీడింగ్ కాంప్రహెన్షన్ పాసేజ్ పెద్ద లెక్క కాదు. ఇది పక్కన వచ్చే లాభం.

అసలు లాభం ఫలితాలొచ్చిన రోజు తెలుస్తుంది. జాబితాలో నంబరు లేదు. ఆ రోజు రాత్రి 'నేనెందుకూ పనికిరాను' అనే గొంతు ఒకటి లోపల మొదలవుతుంది. దానికి ఎదురు చెప్పడానికి లోపల ఇంకెవరైనా ఉండాలి. చంద్రన్, పార్వతీశం, ఇందిర, డెహ్రాడూన్‌లో తొమ్మిదో స్థానంలో నిలిచిన ఆ కుర్రాడు.. వీళ్లలో ఏ ఒక్కరు ఉన్నా ఆ రాత్రి గడుస్తుంది. గొంతు మరీ గట్టిగా వినపడితే మాత్రం పుస్తకంతో సరిపెట్టుకోకండి. స్నేహితుణ్నో, అమ్మనో, డాక్టర్నో పిలవండి. అందులో చిన్నతనమేమీ లేదు.

తాళం వేసిన బీరువాలు

ఇక్కడ ఒక మాట మన గ్రంథాలయాల గురించి. హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి చూడండి. గ్రూప్స్, పోలీస్, టీచర్ పోస్టుల కోసం చదివే పిల్లలతో కుర్చీ ఖాళీ ఉండదు. జిల్లా గ్రంథాలయాల్లోనూ అదే దృశ్యం. అది మంచిదే, ఇరుకు గదుల్లో ఉండే పిల్లలకు ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ నిశ్శబ్దం పెద్ద అండ. కానీ చాలాచోట్ల కాంపిటీటివ్ పుస్తకాల ర్యాకు తెరిచి ఉంటుంది, కథలూ నవలల బీరువాకు తాళం ఉంటుంది. ఎవరూ అడగడం లేదంటారు. అడగకపోతే తీయరు, తీయకపోతే కనపడవు, కనపడకపోతే అడగరు.

మన దగ్గర గ్రంథాలయాలు ఎవరో దయతో పెట్టినవి కావు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో, ఊరివాళ్లూ చదువుకున్న కుర్రాళ్లూ పూనుకుని పెట్టుకున్నవి. కాళీపట్నం మాస్టారు 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసమే 'కథానిలయం' పెట్టారు. ఇవాళ మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. అంటే ఆ బీరువాలో పుస్తకాలకు మీ నాన్నే డబ్బు కట్టాడు. తాళం తీయమని అడిగే హక్కు మీకుంది. మర్యాదగా అడగండి, పదేపదే అడగండి.

మొదలుపెట్టాలంటే..

పెద్ద జాబితా వేసుకోవద్దు. నేను పైన చెప్పినవాటిలో మీకు పనికొస్తుందనిపించినది ఒక్కటి ఎంచుకోండి. కొనలేకపోతే లైబ్రరీ ఉంది. కోఠీ పాత పుస్తకాల దుకాణాలున్నాయి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంది. రూమ్‌లో నలుగురుంటే తలా ఒకటి కొని మార్చుకోండి, ఒక పుస్తకం ధరకు నాలుగు చదవచ్చు.

మొదటి 50 పేజీలు చదివాక నచ్చకపోతే మొహమాటం లేకుండా ఆపేయండి. ఇది పరీక్ష కాదు, నెగెటివ్ మార్కులుండవు. ఒక తెలుగు పుస్తకం, ఒక ఇంగ్లిష్ పుస్తకం.. ఇలా మార్చిమార్చి చదివితే రెండు భాషలూ పదునెక్కుతాయి.

పుస్తకం అయిపోయాక ఒక నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాసుకోండి. ఇందులో నాకు తెలిసిన మనిషి ఎవరు? నేనైతే ఎక్కడ వేరేలా చేసేవాణ్ని? రచయితతో ఎక్కడ ఒప్పుకోను? సారాంశం రాయనక్కర్లేదు, అది నెట్‌లో దొరుకుతుంది. ఈ మూడు జవాబులు ఎక్కడా దొరకవు. ఏడాది చివరికి 12 పుస్తకాలు, 36 వాక్యాలు. అప్పుడు ఎవరైనా మీ గురించి చెప్పమంటే ఊరు, పేరు, పర్సంటేజీ అయ్యాక కూడా చెప్పడానికి ఇంకా చాలా ఉంటుంది.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, ఎన్ని పోస్టులతో వస్తుందో మన చేతిలో లేదు. ఈ రాత్రి పది పేజీలు మన చేతిలో ఉన్నాయి. చంద్రన్‌తో మొదలుపెడతారో, పార్వతీశంతో మొదలుపెడతారో మీ ఇష్టం. ముందు ఒక్కటి. రెండోది ఏం చదవాలో ఆ మొదటిదే చెబుతుంది.